మగ్గం గుంట మీది కారు

లీలమ్మ మగ్గం గుంట ఆ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లకు కనిపించదు. దాని మీద కారు నిలబడి ఉంటుంది.

చిట్యాలలో పద్మశాలీల వాడ చివరన ధర్మయ్య ఇల్లు. ఇంటి ముందున్న పొడవాటి సాలలో ఒకప్పుడు మూడు గుంట మగ్గాలుండేవి. రెండింటి మీద ధర్మయ్య, అతని దగ్గర కూలికి నేసే మనిషి కూర్చునేవారు. వాకిలి పక్కన, పొద్దుటి వెలుతురు నేరుగా పడే మూడోది ధర్మయ్య భార్య లీలమ్మది. ఆ వాడలో ఆడవాళ్లు నూలు కండెలు చుడతారు, నిలువు పోగుల పడుగుకు గంజి పెడతారు, తెగిన పోగులు అతుకుతారు గాని మగ్గం మీద కూర్చునేవాళ్లు తక్కువ. లీలమ్మ తండ్రికి మగపిల్లలు లేకపోవడంతో ఆమెకే నేత నేర్పాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నేసిన చీరను మామగారు వేళ్ల మధ్య నలిపి చూశాడు. మర్నాడు గడ్డపార తీసుకుని వాకిలి పక్కన గుంట తవ్వడం మొదలుపెట్టాడు. మధ్యలో కోడలిని పిలిచి అంచున కూర్చోబెట్టి, కాళ్లు ఎంత లోతుకు అందుతాయో చూసుకుని మరీ తవ్వాడు.

చిన్నపిల్ల పుట్టినప్పుడు లీలమ్మకు నడుము పట్టేసింది. కొన్నాళ్లు వంగి కూర్చోవద్దని దవాఖానలో చెప్పారు. మగ్గం విప్పి కర్రలు అటక మీద పెట్టారు. గుంట ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి కారు వచ్చింది.

అది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండులో తయారైన ఆస్టిన్ కారు. ధర్మయ్య కుర్రవాడుగా ఉన్నప్పుడు తండ్రి వెంట బట్టల మూట మోసుకుని ఒక దొర గడీకి వెళ్తే, అక్కడ మొదటిసారి దాన్ని చూశాడు. తళతళలాడే నల్లటి ఒళ్లు, ముందర వెండిలా మెరిసే దీపాలు. పోలీసు యాక్షన్ తర్వాత దొర కుటుంబం హైదరాబాదు వెళ్లిపోయింది. కారు మాత్రం గడీ వెనక పశువుల కొట్టంలో ఉండిపోయింది. యాభై ఆరులో, రాష్ట్రం మారిన ఏడాది, ధర్మయ్య అటుగా వెళ్లినప్పుడు వెనక సీటులో కోడి పొదిగి కూర్చుని ఉంది. అతను అడిగిందే తడవు గడీని చూసుకునే గుమస్తా ఇచ్చేశాడు. ఇనుప సామాను కింద ఎవరికైనా పడేద్దామనుకుంటున్నాడట. ధర్మయ్య దాన్ని ఎద్దుల చేత లాగించి ఇంటికి తెచ్చాడు. సాల ముందరి గోడ కొంత పగలగొట్టి పలకల తలుపు పెట్టించాడు.

పశువును తెస్తే పాలన్నా ఇస్తుంది, ఇదేమిస్తుందని అడిగింది తల్లి వెంకటనర్సమ్మ. అతను నవ్వాడు.

అది కదలడానికే ఏడాది పైన పట్టింది. నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర లారీలు బాగుచేసే ఐలేశం అతనికి గురువయ్యాడు. ధర్మయ్య విప్పిన భాగాన్ని గుడ్డసంచిలో వేసుకుని లారీ ఎక్కి వెళ్లేవాడు. హైదరాబాదులో చీరలు అమ్మడానికి వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు సంచిలో పాత ఇనుప కొట్లలో దొరికిన బోల్టులు, బేరింగులు ఉండేవి. సరిగ్గా అదే దొరకకపోతే దగ్గరగా ఉన్నది తెచ్చి ఆకురాయితో అరగదీసేవాడు. ఇనుప కడ్డీలతో పట్టే పాత బ్రేకులు తీసేసి, పాడైపోయిన వేరే కారు నుంచి ఆయిల్ బ్రేకులు తెచ్చి పెట్టాడు. అవి పెట్టే ముందు నెలల తరబడి ఆలోచించాడు. కారు చేసినవాడు బుద్ధిలేక కడ్డీలు పెట్టి ఉండడు, ఎందుకు పెట్టాడో తెలిస్తే గాని తీయొద్దు అనేవాడు. దీపాలు మార్చాడు. ఇంజను మాత్రం మార్చనన్నాడు. లారీ ఇంజను పెడితే కొండలైనా ఎక్కుతుందని ఐలేశం చెప్పినా వినలేదు. ఇంజను మారిస్తే తను గడీలో చూసిన కారు ఇంకెక్కడుంటుందన్నాడు.

భర్తలో ఆ నిదానం లీలమ్మకు నచ్చేది. కారు మీద ఆమెకు కోపం లేదు. సీట్లకు గవిసెనలు కుట్టింది, కొబ్బరి పీచుతో రాగి గొట్టాలు తోమింది. కాని కారు కిందికి వెళ్లి పని చెయ్యాలంటే గుంట కావాలి. మగ్గం గుంట అందుకు కుదిరింది. ధర్మయ్య అందులో కూర్చుని, మెడ వెనక్కి వంచి గంటల కొద్దీ పని చేసేవాడు. ఆమె నడుము నయమైనాక కారు తీసేస్తానని మొదట్లో చెప్పాడు. నడుము నయమై చాలా కాలమైంది. అతను మరిచిపోయాడు. ఆమె అడగలేదు. అడిగితే తీస్తాడని తెలుసు. అడిగించుకోకుండా తీయాలని ఆమె కోరిక.

రోజంతా ఆ ఇంట్లో అందరూ ఆమెను పిలుస్తూనే ఉంటారు. పొయ్యి దగ్గర ఉన్నా, బావి దగ్గర ఉన్నా పిలుస్తారు. మగ్గం మీద ఉన్నప్పుడు మాత్రం పిలిచేవాళ్లు కాదు. అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పోతున్నంతసేపు ఆమె జోలికి ఎవరూ రారు. ఆమెకు కావలసింది ఆ కాస్త జాగా. ఇప్పుడు చీపురు పట్టుకుని కారు పక్కనుంచి వంగి చూస్తే, గుంట అడుగున నల్లటి ఆయిల్ మరకలు కనిపించేవి.

అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో కారుకు టాపు సమస్య వచ్చింది. దానికి రేకు కప్పు లేదు. వంచిన కర్ర కమ్ముల మీద గుడ్డ పరిచి, అంచులు మేకులతో కొట్టిన టాపు. గడీనాటి గుడ్డ పిగిలిపోయి, అతుకుల మీద అతుకులతో ఇక సూది కూడా పట్టడం లేదు. ధర్మయ్య హైదరాబాదంతా తిరిగి ఒట్టి చేతులతో వచ్చాడు. దొరికిందల్లా లారీల మీద కప్పే ఆకుపచ్చ మందపు గుడ్డేనట, అది ఈ కమ్ములకు బరువట.

ఆ రాత్రి అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక భార్య వైపు చూశాడు.

“నువ్వు నేస్తవా?”

“ఏంది?”

“టాపు. మగ్గం మీద నీ దెబ్బ గట్టిది. నేను నేస్తే వదులుగ వస్తది.”

లీలమ్మ గిన్నెలు సర్దడం ఆపలేదు. “ఏడ కూసొని నేయాలె?” అంది.

ధర్మయ్య సాల వైపు చూశాడు. కారును కాదు, కారు కింద ఉన్నదాన్ని అప్పుడే గుర్తు చేసుకున్నట్టు అతని ముఖం మారింది. మర్నాడు పొద్దున్నే కారును బయటికి నెట్టించి, ఇంటి పడమటి పక్క ఖాళీ స్థలంలో తాటిమట్టలు కప్పి నిలబెట్టాడు. లీలమ్మ గుంటలోని ఆయిల్ మట్టి గీకేసి, ఎర్రమన్ను పోసి అలికింది. అటక మీది కర్రలు దిగాయి. పడుగు పోగులు దూర్చే పాత అచ్చుకు అప్పటి కొసలు ఇంకా వేలాడుతున్నాయి. వాటికి కొత్త పడుగు అతికింది. పడుగుకు ఎప్పటి చీరల నూలే పెట్టింది. అడ్డంగా పడే పేక మాత్రం మూడు పోగులు కలిపి పురిపెట్టిన లావుది.

మొదటి రోజు కాళ్లు లెక్క తప్పాయి. చేతులు మాత్రం మరిచిపోలేదు. మూర గుడ్డ వచ్చేసరికి దెబ్బ కుదిరింది. చప్పుడు విని పక్కింటివాళ్లు వచ్చి చూసి వెళ్లారు. పిల్లలు ఆకలని వస్తే వెంకటనర్సమ్మ తలుపు దగ్గరే ఆపి వంటింట్లోకి తీసుకుపోయింది. ఇన్నేళ్లూ కారు గురించి స్నేహితులతో మాట్లాడే ధర్మయ్య ఇప్పుడు గుంట పక్కన పీట వేసుకుని భార్యతో మాట్లాడేవాడు. కమ్ములు ఎంత వంపు తిరగాలో, గుడ్డ ఎక్కడ మడత పడుతుందో చెప్పేవాడు. ఆమె వింటూ నేసేది. ఆ ఇద్దరూ అంతసేపు ఒకచోట కూర్చుని చాలా కాలమైంది.

కాని గుడ్డ పెరిగేకొద్దీ ఆమెకు గుబులు పెరిగింది. ఇది అయిపోతే కారు లోపలికి వస్తుంది. ఆ మాట అతనెప్పుడూ అనలేదు. లోపలికి రాదనీ అనలేదు. నెమ్మదిగా నేసి రోజులు గడపడానికి ఆమెకు మనసొప్పలేదు. చేతకాని నేత నేయడం ఆమెకు రాదు. గుడ్డ ఎన్నాళ్లలో కావాలో అన్నాళ్లలోనే అయింది.

మగ్గం మీంచి కోసిన రోజు ధర్మయ్య గుడ్డను ఎండలో పట్టుకుని చూశాడు. వెలుతురు ఎక్కడా దూరలేదు. గంజి పట్టి పలకలా నిలబడింది. కుట్టే ముందు ఒకసారి నీళ్లలో నానేస్తే మంచిదేమోనని లీలమ్మ అంది.

ధర్మయ్య నవ్వాడు. “మనం నేసినదాన్ని మనమే తడుపుకున్నది ఎన్నడన్న ఉన్నదా? తడిపితే పాతబట్ట లెక్క అయితది.”

నిజమే. ఆ వాడలో ఎవరూ నేసిన గుడ్డను తడపరు. గంజి మెరుపుతోనే మడత పెట్టి అమ్ముతారు. అది తడిసేది, ముడుచుకునేది కొన్నవాళ్ల ఇంట్లో. తన ఒంటి మీది చీర మొదటి ఉతుకుకు పొట్టి కావడం లీలమ్మకు తెలుసు. అయినా పుట్టినప్పటి నుంచి చూస్తున్నది అదే కావడం వల్ల, ఆ మెరుపు పోగొట్టడం ఆమెకూ ఇష్టం లేకపోయింది. మళ్లీ అనలేదు.

వెడల్పు చాలడానికి గుడ్డను రెండు పన్నాలుగా కలిపి కుట్టారు. ధర్మయ్య దాన్ని కమ్ముల మీద లాగి, డప్పులా బిగించి అంచులకు మేకులు కొట్టాడు. పైన మైనం కరిగించి పూశాడు. గంజి నిండిన గుడ్డలోకి మైనం దిగలేదు, పైపైనే పొరలా నిలిచింది. అప్పటికి అది ఎవరికీ పట్టలేదు. వాడంతా వచ్చి చూసింది. టాపు మీద చిటికె వేస్తే మోగింది.

రెండు రోజులకు మేకలు కాచే దుర్గయ్య కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

“బావా, నీ కారును మా మేకలు మేస్తున్నయ్. మల్ల నన్ను అనకు.”

వెళ్లి చూస్తే రెండు మేకలు ముందు చక్రాల రేకుల మీద కాళ్లు పెట్టి నిలబడి టాపు అంచును తృప్తిగా నాకుతున్నాయి. జొన్నగంజి వాసన పట్టాయి. అందరూ నవ్వారు. లండన్ కారుకు పల్లె తిండి పెడితే మేకలే ముందు గుర్తుపట్టాయని దుర్గయ్య వారం రోజులు చెప్పుకు తిరిగాడు.

మృగశిర కార్తె వచ్చాక నార్కట్‌పల్లిలో చుట్టాల పెళ్లి పడింది. ధర్మయ్య ముందు సీటులో భార్యను, వెనక తల్లిని కూర్చోబెట్టుకుని వెళ్లాడు. పెళ్లిలో వధూవరుల తర్వాత అందరూ చూసింది టాపునే. ఎవరు నేశారని అడిగితే, లీల నేసిందని అతనే అందరికీ చెప్పాడు. ఆ మాట లీలమ్మ ఆడవాళ్ల మధ్య కూర్చుని వింది.

తిరిగొచ్చేటప్పుడు వాన పట్టుకుంది. మొదట టాపు మీద చినుకులు జారిపోయాయి. తర్వాత మైనం పొర పగిలినచోటల్లా గుడ్డ నల్లబడింది. లోపల ఏదో కిర్రుమంది. ధర్మయ్య ఇంజనులో చప్పుడనుకుని చెవి అటు పెట్టాడు. చప్పుడు తల మీద. తడిసిన గుడ్డ ముడుచుకుంటూ కమ్ములను లోపలికి లాగుతోంది. ఒక పక్క మేకులు వరసగా ఊడాయి. నడిమి కమ్మి పటేలున విరిగి, టాపు సగం వెంకటనర్సమ్మ నెత్తి మీద పడింది. గుడ్డ కింది నుంచి ఆమె గొంతు వినిపించింది.

“కొడుకా, ఎడ్లబండిల పోతే పైనుంచి ఒక్క వానే పడేది.”

తడుస్తూనే ఇల్లు చేరారు.

ఆ సాయంత్రం ధర్మయ్య అరుగు మీద కూర్చుని ఊడిన మేకులను చేతిలో దొర్లించాడు. తన తప్పు అతనికి అర్థమైంది. ఇనుము సంగతి తెలియదు కాబట్టి ప్రతి బోల్టును తిప్పి తిప్పి చూసి, పదిమందిని అడిగి బిగించాడు. గుడ్డ సంగతి పుట్టుకతో తెలుసు. అందుకే ఎవరినీ అడగలేదు, చెప్పిన మాట కూడా వినలేదు. గుడ్డ తడపమని తను మళ్లీ ఎందుకు చెప్పలేకపోయిందో లీలమ్మ ఆలోచిస్తోంది.

పొద్దున మబ్బు ఇంకా దట్టంగా ఉంది. తాటిమట్టల కింద టాపు లేని కారు తడుస్తోంది. ధర్మయ్య నార్కట్‌పల్లి ప్రయాణమై, వడ్రంగికి విరిగిన కమ్మి చూపించి సాయంత్రానికి వస్తానన్నాడు. చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండానే అసలు మాట అన్నాడు.

“వచ్చినంక కారు లోపల పెడుదాం. మగ్గం జర విప్పి పెట్టు. ఈ వానలు పోయేదాకనే.”

లీలమ్మ చాట పక్కన పెట్టింది. “వానలు పోయినంక తీస్తవా?”

“తియ్యకుంటే ఎట్ల?”

“పోయినసారి గూడ గట్లనే అన్నవు.”

“ఇంజను తడిస్తే ఇన్నేండ్ల పని మట్టిల కలుస్తది లీలా,” అన్నాడు మెల్లగా. అది అబద్ధం కాదు. అందుకే ఆమెకు మరింత కష్టంగా తోచింది. అతను వెళ్లిపోయాడు.

ఆమె సాలలోకి వెళ్లి గుంట అంచున కూర్చుంది. అచ్చుకు టాపు పడుగు కొసలు జానెడేసి వేలాడుతున్నాయి. మగ్గం విప్పడం పెద్ద పని కాదు. నాలుగు తాళ్లు విప్పితే కర్రలన్నీ చేతికొస్తాయి. కారు లోపలికి వస్తుంది. వానలు పోతాయి. చలికాలం వస్తుంది. చలికాలంలో బయట పెడితే మంచు పడుతుందంటాడు. అతను చెడ్డవాడు కాదు. గుంట కళ్ల ముందు లేకపోతే అతనికి గుర్తుండదు, అంతే. తను విప్పితే మాత్రం మగ్గం మళ్లీ ఎక్కడం ఉండదని ఆమెకు రూఢిగా తెలిసింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పడుగు ఒకసారి అతికితే అది నేయకుండా మగ్గం విప్పరు. మామగారు పోయినప్పుడు, తర్వాత కూలిమనిషికి ఇచ్చిన ఆయన మగ్గం మీద సగం చీర ఉంది. కర్మలు అయ్యాక ధర్మయ్య ఆ చీర పూర్తి చేసి, అప్పుడు గాని తాడు ముట్టుకోలేదు. అదెవరూ ఎవరికీ చెప్పే పద్ధతి కాదు. అందరికీ తెలుసు.

లీలమ్మ లేచి, నూలు పెట్టె మీది ఎర్ర పడుగు దించింది. అది చీరల కోసం గంజి పెట్టి సిద్ధం చేసి ఉంచినది. పొయ్యిలో బూడిద దోసిట్లో తెచ్చుకుని, పోగు జారకుండా వేళ్లకు రాసుకుని, మొదటి ఎర్ర పోగును తెల్లటి పాత కొసతో కలిపి మెలివేసింది. తర్వాత రెండోది. వందల పోగులు. ఒక్క చేతి మీద సాయంత్రానికి కావు.

కాసేపటికి వెంకటనర్సమ్మ గడపలో నిలబడింది. కోడలు ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో చూసింది. ఆమె చూపు సరిగా ఆనదు గాని పోగు అతకడానికి ఆమెకు కళ్లతో పని లేదు. ఏమీ అడగకుండా వచ్చి ఎదురుగా కూర్చుంది. బూడిద కోసం చెయ్యి చాపింది.

“అటు కొసన నేను మొదలువెడుత. నడుమ కలుద్దాం,” అంది.

ఆ రోజు వంట ఆలస్యమైంది. పిల్లలు అటుకులు తిన్నారు. ఇద్దరూ మధ్యలో కలిసేసరికి పొద్దు వాలింది. లీలమ్మ అతుకులను అచ్చులోంచి మెల్లగా ఇవతలికి లాగి, బిగించి, నాలుగు వేళ్ల వెడల్పు నేసింది.

ధర్మయ్య భుజం మీద కొత్త కమ్మితో వచ్చాడు. కారును నెట్టడానికి దుర్గయ్యను కూడా పిలుచుకొచ్చాడు. సాల తలుపు తీసి అక్కడే ఆగిపోయాడు.

“ఇది టాపుకు కాదు గద?”

“కాదు. చీర.”

“టాపు?”

“దీని తర్వాత నేస్త. తడిపి, ఆరేసి, అప్పుడు కుట్టాలె.”

“మరి కారు?”

లీలమ్మ నాడెను పక్కన పెట్టి అతని వైపు తిరిగింది. “దాన్ని తీసెయ్యమంటలేను. నాకు గీ జాగా కావాలె. ఈ చీర అయినంక గూడ కావాలె.”

ధర్మయ్య తల్లి వైపు చూశాడు. ఆమె వేళ్లకంటిన బూడిద కొంగుతో తుడుచుకుంటోంది. ధర్మయ్య మగ్గం దగ్గరికి వచ్చి వంగి, ఎర్రటి నాలుగు వేళ్ల నేత మీద చెయ్యి పెట్టాడు. విప్పమని అనడానికి ఆ ఇంట్లో పుట్టినవాడికి నోరు రాదు. తన మొహంలోకి చూడటానికి సిగ్గుపడుతున్నాడని లీలమ్మకు అర్థమైంది.

“ఎన్నడు అడగకపోతివి,” అన్నాడు చివరికి.

“ఇప్పుడు అడిగిన గద.”

అతను తలూపి బయటికి నడిచాడు. ఆ పూటకు కారు మీద ఇంట్లోని చాపలు, గోనెలు అన్నీ కప్పారు. ఇక్కడిదాకా పిలిచి చాపలు మోయిస్తున్నావేంది బావా అని దుర్గయ్య గొణిగాడు. గొణుగుతూనే, తన మేకల దొడ్డి దగ్గరున్న వెదురు వాసాలు పొద్దున్నే పంపిస్తానన్నాడు.

పడమటి పక్క కారుకు పందిరి లేచింది. తాటాకు దట్టంగా కప్పి, వాన నీళ్లు లోపలికి రాకుండా చుట్టూ మట్టికట్ట వేశారు. వానలు తెరిపి ఇచ్చినప్పుడు ధర్మయ్య పందిరి కింద గుంట తవ్వడం మొదలుపెట్టాడు. ఎర్రమట్టి త్వరగానే వచ్చింది గాని, కింద మొరం తగిలింది. గడ్డపార చప్పుడు సాలలోకి వినిపించేది.

ఒక మధ్యాహ్నం లీలమ్మ మంచినీళ్లు తీసుకుని వెళ్లింది. అతను పని ముగించి అంచులు చదును చేస్తున్నాడు. గుంట ముచ్చటగా ఉంది. నాలుగు మూలలూ నిలువుగా చెక్కాడు. కూర్చోవడానికి ఒక పక్క మెట్టు కూడా వదిలాడు. ఆమె చెంబు అందించి గుంటలోకి చూసింది. అది అచ్చం తన గుంటే.

“కూసుండేతందుకు తవ్వినవు,” అంది. “ఇన్నేండ్లు నా గుంటల మెడ వంచుకొని పని చేసినవు. ఇదన్న నిలవడేటట్టు తవ్వుకో.”

ధర్మయ్య చెంబు కింద పెట్టి, గుంటలో లేచి నిలబడి చూసుకున్నాడు. అంచు అతని నడుముకు కూడా అందలేదు. కారు కింద తను ఇన్నాళ్లూ ఎట్లా ఉన్నాడో మొదటిసారి లెక్కగట్టుకున్నట్టు తల గోక్కున్నాడు. మెట్టు కూలగొట్టి గడ్డపార అందుకున్నాడు.

లీలమ్మ చెంబు తీసుకుని సాలలోకి వచ్చింది. చీర సగం దాటింది. ఆమె గుంటలోకి కాళ్లు దించి నాడె పట్టుకుంది.